ఆరు కిలోల తేడా

పరీక్షకి పదకొండు రోజులుందనగా, నా వీపు మీద మోస్తున్న ఇరవై కిలోల్లో ఆరు కిలోలు లేవని తెలిసింది.

పొద్దున ఎనిమిదింపావు. గంటసేపు గుమ్మం మీద కూర్చున్నాక పార్సిల్ ఆఫీసు తలుపు తీసింది. నా బ్యాగు కుడి పట్టీ కుట్టు ఊడి వేలాడుతోంది, ఇంటికి ఇంకా రెండు కిలోమీటర్లుంది. గోనెగుడ్డ మూటలు కుట్టే పెద్ద సూదీ, మైనం పూసిన దారమూ ఉన్నది పార్సిలాయన దగ్గరే. నాలుగు కుట్లు వేసిపెట్టమని అడిగాను.

"అక్కడ పెట్టు," అన్నాడు తలెత్తకుండానే.

బల్ల నిండా మూటలున్నాయి. ఖాళీగా ఉన్నది కాటా ఒక్కటే. దాని మీద పెట్టాను. ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలబడ్డాయి. పధ్నాలుగు. చుక్క పక్కన సున్నా ఆరు సున్నా.

"మీ కాటా చెడిపోయిందండీ," అన్నాను.

సూదిలో దారం ఎక్కిస్తున్నవాడు ఆగాడు. "ఏంటమ్మా?"

"ఈ బ్యాగు ఇరవై కిలోలు. పధ్నాలుగు చూపిస్తోంది."

"చూడమ్మాయ్, పోయిన సోమవారం మీ నాన్నగారే వచ్చి, రెండు గంటలు ఇదే కుర్చీలో కూర్చుని, సరిచూసి సీలు వేసి వెళ్లారు. ఇది తప్పంటే నాకు కాదు చెప్పాల్సింది. ఇంటికెళ్లి ఆయనకే చెప్పు."

బ్యాగు దించి, పక్క జేబులోని నీళ్ల సీసా తీసి కాటా మీద పెట్టాను. లీటరు సీసా, నిండుగా ఉంది. ఒకటీ సున్నా నాలుగు సున్నా. నీళ్లు కిలో, ఖాళీ సీసా నలభై గ్రాములు. ఇంతకన్నా సరిగ్గా ఏ కాటా చెప్పదు.

"ఇప్పుడేమంటావ్?" అన్నాడు పార్సిలాయన.

సీసా మళ్లీ జేబులో పెట్టాను. ఆ బ్యాగుని ముందురోజు సాయంత్రమే మా ఇంట్లో తూచాను. ఇరవై. ఆ కాటా కూడా మా నాన్నదే.

రెండు కాటాలు. రెండింటినీ సరిచూసింది ఒకే మనిషి. వాటిలో ఒకటి అబద్ధం చెబుతోంది.

* * *

నేను పనిచేసేది అడవి మంటలార్పే దళంలో. కిందటి వేసవిలో పొగ కమ్మినప్పుడు కాలు జారి, రాళ్ల వాలు మీద ముప్ఫై అడుగులు దొర్లాను. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల ఒకటి పక్కకి తప్పుకుంది. కోలుకున్నాక నన్ను రేడియో గదిలో కూర్చోబెట్టారు. నాలుగు గోడలు, ఒక కిటికీ, చెవికి యంత్రం. మా వాళ్లు కొండ మీద దగ్గుతూ మాట్లాడుతుంటే, నేను కింద ఫ్యాను వేసుకుని "అర్థమైంది, అర్థమైంది" అంటూ రాసుకోవాలి.

మళ్లీ దళంలోకి రావాలంటే ఒకటే పరీక్ష. వీపు మీద ఇరవై కిలోలు, ఐదు కిలోమీటర్లు, నలభై ఎనిమిది నిమిషాలు. నడవాలి. రెండు కాళ్లూ ఒకేసారి నేల విడిస్తే అక్కడితో సరి. చలికాలం చివర్లో, ఎండలు ముదరకముందు, ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఈసారి తప్పితే నా చోటు ఇంకొకరికి వెళ్తుంది. కావాలంటే వచ్చే ఏడు కొత్తవాళ్లతో కలిసి వరసలో నిలబడాలి.

చలి మొదలవుతుండగా మా దళనాయకుడి దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ని తాత అంటారు. వయసు నలభై ఆరే, తల మాత్రం దూదిపింజ.

"మొదటి వారం ఖాళీ బ్యాగుతో నడువు," అన్నాడు.

"ఖాళీ బ్యాగుతోనా? కుక్కలు కూడా నవ్వుతాయి తాతా."

"నవ్వనీ. వాటికి నడుం నొప్పి తెలీదు. రెండో వారం ఆరు కిలోలు పెట్టు. వారానికి ఒక్క కిలో పెంచు, ఒక్కటంటే ఒక్కటే. వారంలో మూడు రోజులే నడువు. మిగతా రోజుల్లో బ్యాగు మొహం చూడకు."

"రోజూ నడిస్తే తొందరగా..."

"తొందరగా మంచమెక్కుతావు. ఇదిగో, ఇలా చూడు." తన బ్యాగు తెరిచి చూపించాడు. అడుగున మడత పెట్టిన పాత తువ్వాలు, దాని మీద టేపు చుట్టిన ఇసుక పొట్లాలు. "బరువు అడుక్కి జారితే నడుముని లాగుతుంది. పైన, రెక్కల మధ్య ఉండాలి. పొట్లాలు కదలకూడదు. పట్టీలు బిగించు, సంకలో పిల్లలా అంటుకోవాలి. ముందుకి వంగి నడవకు, చిన్న చిన్న అడుగులెయ్యి. భుజాలు నొప్పెడితే నడువు, పాదాలు నొప్పెడితే మేజోళ్లు మార్చి నడువు. కాల్లోకి నొప్పి దిగితే మాత్రం..."

"ఆగిపోవాలి."

"అక్కడే దించేసి, ఎవరికైనా ఫోన్ చెయ్యాలి. నీకు ఆగడం ఎప్పుడు తెలిసిందిలే."

ఇంట్లో కబురు చెప్పగానే అమ్మ అంది, "గ్యాస్ బండ లోపల పెట్టమంటే నడుమంటావు. ఊరంతా ఇసుక మోసుకు తిరగడానికి మాత్రం నడుం బాగుంటుందా?"

నాన్న లేచాడు. ముందు గదిలోకి వెళ్లి, మూలనున్న పాత కాటా మీది గుడ్డ తీశాడు.

* * *

మా ముందు గది అంటే నాన్న దుకాణం. ఊళ్లోని దుకాణాలు, గిడ్డంగులు, ఆసుపత్రి, ఆఖరికి మా దళం కాటాలు కూడా ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే. గోడలకి స్ప్రింగులు, కడ్డీలు, చిన్నా పెద్దా గుండ్లు వేలాడుతుంటాయి. పాత కాటా ఆయన సొంతానిది. నిలబడే పలక, పైన పొడుగాటి ఇనుప కడ్డీ, కడ్డీ మీద గీతలు, గీతల మీద అటూ ఇటూ జారే గుండు. గుండు ఏ గీత దగ్గర నిలిస్తే కడ్డీ గాలిలో తేలుతుందో, అదీ బరువు.

ఆయనకొక అలవాటుంది. ఏ కాటా విప్పినా, ఏ భాగం మార్చినా, దాని అడుగున సన్నటి మేకుతో ఆ రోజు తేదీ చెక్కుతాడు. "తేదీ లేని పని దొంగ పని," అంటాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అంతే. ఒకసారి అమ్మ కుట్టుమిషను పెడలు సరిచేసి దానికీ తేదీ వేశాడు. "నా పుట్టినరోజు మాత్రం గుర్తుండదు, పెడలు పుట్టినరోజు గుర్తుంటుంది," అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ప్రతి ఆదివారం సాయంత్రం తూకం. అదే కాటా మీద తూచి కట్టిన ఇసుక పొట్లం ఒకటి బ్యాగులో పెంచేదాన్ని, పలక మీద పెట్టేదాన్ని. నాన్న కళ్లజోడు ముక్కు మీదికి జార్చి గుండుని గీత గీతగా జరిపేవాడు. కడ్డీ తేలగానే, కోర్టులో తీర్పు చదివినట్టు పలికేవాడు.

"ఆరు."

మరుసటి వారం, "ఏడు."

"గొంతు కొంచెం సంతోషంగా పెట్టొచ్చు కదా నాన్నా."

"తూకానికి సంతోషం ఏంటి తల్లీ. ఎంతుంటే అంత."

పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరేదాన్ని. నీళ్ల ట్యాంకు దాకా ఎత్తు, అక్కడి నుంచి రైలు పట్టాల మీది కాలివంతెన, అవతల గిడ్డంగుల వీధి, తిరిగి ఇల్లు. ఖాళీ బ్యాగు వారం లెక్కలోకి రాదు; మొదటి రోజు ఆరు కిలోలకే మెడ పట్టేసింది. రెండో వారం మడమల మీద బొబ్బలు. మూడో వారం నుంచి పాలబూతు ఆవిడ నన్ను చూసి గడియారం సరిచేసుకోవడం మొదలుపెట్టింది. ఐదో వారానికి, పది కిలోలతో వంతెన మెట్లెక్కి పైన నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే, దూరంగా కొండ కనిపించింది. చాలా రోజుల తర్వాత దానివైపు భయం లేకుండా చూశాను.

ఏడో వారం పన్నెండు కిలోలు. అదే వంతెన, దిగే మెట్లు, రాత్రి మంచుకి తడిగా ఉన్నాయి. పడలేదు. పడబోయి నిలదొక్కుకున్నాను, అంతే. కానీ నడుములో ఏదో తాళం పడ్డట్టయింది. పిర్ర నుంచి మోకాలి దాకా నిప్పుతీగ దిగింది.

తాత చెప్పినట్టే అక్కడే బ్యాగు దించి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఆటో తీసుకుని వచ్చాడు. నన్ను లేపలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుని, నా చేతిని ఆయన ఒళ్లో పెట్టుకుని, నొప్పి తగ్గేదాకా ఎదురుచూశాడు. ఆయన చెప్పుల్లేకుండా వచ్చాడని అప్పుడు గమనించాను. తొందర అనుకున్నాను.

వారం రోజులు పడుకోమన్నాడు డాక్టరు. భయపడేంత ఏమీ లేదు, కండరం పట్టేసిందంతే అన్నాడు.

రెండో రోజు నాన్న టీ తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"రేడియో గది మరీ అంత చెడ్డదా తల్లీ?"

"గది బాగానే ఉంటుంది నాన్నా. ఫ్యానుంది, కుర్చీకి దిండుంది. వాళ్లు కొండ మీద పిలుస్తుంటారు. నేను వెళ్లలేను. అదొక్కటే."

ఆయన గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. టీ ఇంకా సగం ఉంది.

మర్నాడు బుధవారం. మధ్యాహ్నమంతా ముందు గదిలో ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరి కాటాయో అనుకుని నిద్రపోయాను.

* * *

మళ్లీ బ్యాగెత్తిన రోజు నాకింకా గుర్తుంది. అవే పన్నెండు కిలోలు, తడి మెట్ల మీద తడిసిన పొట్లాలు విప్పి నాన్న మళ్లీ కట్టి తూచి ఇస్తే వీపుకి తగిలించుకున్నాను. దూదిమూటలా ఉంది.

"విశ్రాంతి అమృతంలా పనిచేసింది తాతా," అని ఫోన్‌లో అరిచినంత పని చేశాను.

"నేను చెబితే వినవు, నడుం చెబితే విన్నావు," అన్నాడాయన.

అక్కడి నుంచి ఎదురులేదు. పదమూడు, పధ్నాలుగు, పదిహేను. ప్రతి ఆదివారం నాన్న తీర్పు, ప్రతి వారం నా గొప్పలు. పదిహేడుకి వచ్చేసరికి భోజనాల దగ్గర అమ్మతో పందేలు కాసేంత పొగరొచ్చింది. ఇరవైతో ఐదు కిలోమీటర్లు నలభై నాలుగు నిమిషాల్లో కొట్టిన రోజు ఇంట్లో అందరికీ ఐస్‌క్రీం తెచ్చాను. నాన్న తన కప్పు మూత తియ్యలేదు. పళ్లు జిల్లుమంటాయన్నాడు.

ఆ మర్నాడే నా బ్యాగు పట్టీ తెగింది.

* * *

పార్సిల్ ఆఫీసు నుంచి ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. నాన్న గిడ్డంగుల వీధిలో పనికి వెళ్లాడు. అమ్మ ఒక్కతే ఉంది, వంటింట్లో.

ఏ నేరానికైనా ముందు కారణమున్న వాళ్లని పట్టుకోవాలి. మా ఇంట్లో కారణమున్నది అమ్మకే. నేను మళ్లీ దళంలోకి వెళ్తానన్న రోజు నుంచి ఆవిడ నోటికి తాళం లేదు.

"అమ్మా, నా బ్యాగులోంచి ఇసుక తీశావా?"

"ఏంటే?"

"ఆరు కిలోలు తక్కువుంది. ఎవరో తీశారు."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. "చూడు, నువ్వా కొండెక్కడం నాకిష్టం లేదు. ఆ మాట నీ మొహం మీదే రోజుకి నాలుగుసార్లు చెబుతున్నాను. ఎదురుగా ఇంత తిట్టేదాన్ని, వెనకనుంచి ఇసుక దొంగతనం చేసే ఓపిక నాకెక్కడిదే?"

నిజమే. అమ్మ తిట్టి ఊరుకునే రకం. చాటుగా చేసే రకం కాదు.

పైగా ఇసుక పొట్లాలు లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు, టేపు చిరగలేదు. తీసింది ఇసుక కాదు.

ముందు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. నీళ్ల సీసా పలక మీద పెట్టి, గుండుని కిలో గీత దగ్గరికి తెచ్చాను. కడ్డీ లేవలేదు. ఇంకా జరిపాను. కిలోన్నర దగ్గరికి వచ్చాక తేలింది.

కాటా ఎలా అబద్ధమాడుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. తూకపు మోసాల గురించి కథలు చెప్పి నాన్న నాకు అన్నం తినిపించేవాడు. గుండు తేలికదైతే, అంతే బరువుని ఆపడానికి అది కడ్డీ మీద ఇంకా దూరం జరగాలి. గీతలు ఎక్కువ చూపిస్తాయి. పధ్నాలుగు ఇరవై అవుతుంది. గుండుని చూపుడువేలితో తట్టాను. పాత గుండుది బరువైన చప్పుడు. ఇది పలచగా మోగింది. వేరే కాటాది తెచ్చి, పాతదాని రంగు పూసి, అంచులు ఆకురాయితో అరగదీసి కడ్డీకి సరిపెట్టారు. ఖాళీ పలక మీద సున్నా కూడా సరిచేశారు. ఊళ్లో ఇంత నాజూగ్గా చెయ్యగలిగిన చేతులు రెండే ఉన్నాయి. ఆ రెండూ ఒకే మనిషివి.

అయినా నమ్మబుద్ధి కాలేదు. గుండుని కడ్డీ చివరికి లాగి, తల వంచి అడుగున చూశాను.

తేదీ ఉంది. మేకుతో, సన్నగా, ఆయన రాతలో. నేను మంచం మీదున్న వారం. ఆ బుధవారం.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటిదొంగ సంతకం పెట్టి మరీ వెళ్లాడు.

* * *

దొంగ దొరికాక నిలదియ్యాలి. నేను నిలదియ్యలేదు. లెక్క వేసుకున్నాను. గొడవకి ఒక రోజు, ఏడుపుకి ఒక రోజు, అమ్మ మధ్యవర్తిత్వానికి కనీసం రెండు. నా దగ్గర ఉన్నవి పదకొండు. అది పైకి చెప్పుకున్న కారణం. లోపలిది వేరే. అడిగితే ఆయన చెప్పేస్తాడు. చెప్పాక, మళ్లీ ఎవరి కాటా ముందైనా ఆ మనిషి తలెత్తుకుని కూర్చోగలడా? 

తాతకి మాత్రం చెప్పాను. ఎవరు చేశారో చెప్పలేదు. కాటా తప్పు చూపించిందన్నాను. ఆయన అడగలేదు.

"పదకొండు రోజుల్లో ఆరు కిలోలా? నేను వద్దంటాను."

"వద్దంటే ఏడాది ఆగాలి తాతా."

ఫోన్‌లో క్యాలెండరు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "మూడంటే మూడే నడకలు. రేపు పదహారు, మూడు రోజులాగి పదిహేడున్నర, మళ్లీ మూడు రోజులాగి పంతొమ్మిది. ఆ తర్వాత పరీక్ష దాకా బ్యాగు ముట్టుకోవద్దు. ఇరవై అక్కడే ఎత్తు. కాల్లోకి నొప్పి దిగిందా, పరీక్ష కాదు, ఇంకేదైనా సరే, దించెయ్యి."

అప్పటి నుంచి పార్సిల్ ఆఫీసులో తూచుకునేదాన్ని. పార్సిలాయన అంకె చూసి, "ఎక్కడికి పంపాలమ్మా?" అనేవాడు. "కొండ మీదికి," అనేదాన్ని.

పదహారు మోసిన రోజు తెలిసింది, తొమ్మిది వారాల నా పొగరు బరువెంతో. భుజాలు కాలాయి. వంతెన మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగాను. పాలబూతు ఆవిడ "ఏం పిల్లా, గడియారం ఆలస్యమైందా నువ్వా?" అని అడిగింది.

ఆదివారం సాయంత్రం వచ్చింది. నాన్న కాటా మీది గుడ్డ తీసి, ఎప్పట్లాగే పక్కన నిలబడ్డాడు. నేను గుమ్మంలోనే ఆగాను.

"ఈ వారం తూచవా?"

"ఇరవై వచ్చేసింది కదా నాన్నా. ఇంకేం తూస్తాం."

ఆయన తలూపాడు. గుడ్డ తీసుకుని గుండుని తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు. చాలాసేపు తుడిచాడు.

"కుడి పట్టీ ఎవరు కుట్టారు?"

"పార్సిలాయన."

గుండు మీద ఆయన చెయ్యి ఆగింది. పార్సిల్ ఆఫీసు బల్ల మీద కాటా ఎక్కడుంటుందో ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుసు.

"మంచి కుట్టు," అన్నాడు. గుడ్డ కప్పేశాడు.

* * *

పరీక్ష రోజు పొద్దున మైదానంలో పదిహేను మందిమి. ప్రతి ఏడూ లాగే దళం కాటాని సరిచూడ్డానికి నాన్నని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సీలున్న ఇనుప గుండ్లు ఒక్కొక్కటే పలక మీద పెట్టి, అంకెలు చూసి, అధికారి పుస్తకంలో సంతకం చేశాడు. మా బ్యాగులు వరసగా తూచారు. నాది ఎక్కినప్పుడు నాన్న అంకె వైపు చూడలేదు. నా పాదాల వైపు చూశాడు. మేజోళ్లు సరిగ్గా వేసుకున్నానా అని కాబోలు.

"ఇరవై," అన్నాడు అధికారి.

మొదటి రెండు కిలోమీటర్లు బాగానే ఉంది. మూడో దాంట్లో నా పక్కవాళ్లు ముందైపోయారు. నాలుగో దాంట్లో, మొహం కిందికి వంగిపోతుంటే, తాత గొంతు వినిపించింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చి దారి పక్కన నిలబడ్డాడు. "తలెత్తు పిల్లా. చిన్న అడుగులు." కాల్లోకి నొప్పి దిగలేదు. అబద్ధమెందుకు, నడుము చివరిదాకా మాట నిలబెట్టుకుంది. ఓడింది తొడలు. ఆరు కిలోలకి అలవాటు పడడానికి వాటికి ఆరు వారాలు కావాలి, నేను పదకొండు రోజులిచ్చాను.

గీత దాటేసరికి నలభై ఎనిమిది నిమిషాల ఇరవై ఆరు సెకన్లు.

 అధికారి గడియారం వైపు, కాగితం వైపు చూశాడు. మంచివాడే. గొంతు సవరించుకుని నియమం చదివాడు. ముప్ఫై సెకన్లలోపు తప్పినవాళ్ల బ్యాగు మళ్లీ తూచాలి. కాటాని మళ్లీ సరిచూడాలి. కాటాలో వంద గ్రాముల లోపం దొరికినా ఆ రోజు పరీక్ష రద్దు, పది రోజుల తర్వాత అందరూ మళ్లీ నడవాలి.

"మీరే చూసి చెప్పాలి," అన్నాడు నాన్నతో. "మీ మాటే ఆఖరు."

పది రోజులు. ఈసారి అసలు బరువుతో. 

నాన్న గుండ్ల పెట్టె తెరిచాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్క వంద గ్రాములు. పలక కింద చిటికెనవేలు ఆనిస్తే చాలు, అక్కడున్న ఒక్కరికీ తెలియదు. తలెత్తి నా వైపు చూశాడు. మేమిద్దరం పదకొండు రోజులుగా చూసుకోని చూపు అది. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే.

ఆ వేసవంతా నేను రేడియో గదిలోనే ఉన్నాను. మరుసటి చలికాలం కొత్తవాళ్ల వరసలో నిలబడి, నలభై ఆరు నిమిషాల్లో గీత దాటాను. ఆ నాలుగు నెలలూ నా పక్కన, వీపు మీద ఆరు కిలోలతో, ప్రతి మెట్టు దగ్గరా "చూసుకో తల్లీ" అంటూ, కళ్లజోడు ముక్కు మీదికి జారిన ఒక ముసలాయన నడిచాడు. మా ఇద్దర్నీ చూసి అమ్మ, "ఒక గాడిద చాలదని రెండో గాడిదా" అనేది. అదంతా తర్వాతి సంగతి. మా ఇంట్లో ఏదైనా మారిందంటే ఆ మైదానంలోనే మారింది. నాన్న లేచి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకోకుండా, పదిహేను మంది ముందు నిలబడి అధికారితో అన్న మాటలు ఇవి.

"ఈ కాటా సరిగ్గా ఉందండీ. ఇరవై అంటే ఇరవయ్యే. తప్పుడు కాటా మా ఇంట్లో ఉంది. దానికి గుండు మార్చింది నేను. నా కూతురు తొమ్మిది వారాలు అనుకున్నదానికన్నా తక్కువే మోసింది, చివరికి ఇరవై మోస్తున్నాననుకుని పధ్నాలుగు మోసింది. తనకి తెలియకుండా చేశాను. నడుం మళ్లీ పట్టేస్తుందేమో, కొన్నాళ్లు తేలిగ్గా మోయనిద్దాం అనుకున్నాను. అలా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట వారం రోజులే నిజం. తర్వాత పాత గుండు మళ్లీ పెట్టెయ్యొచ్చు. పెట్టలేదు. ప్రతి ఆదివారం గుడ్డ తీసేటప్పుడు ఈవేళ పెట్టేద్దామనుకునేవాణ్ణి. పదిహేను అని పలికేవాణ్ణి, తన మొహం వెలిగిపోయేది, నేను గుడ్డ కప్పేసేవాణ్ణి. తను మోయలేదేమోనని కాదండీ. మోస్తుందనే నా భయం. మోస్తే మళ్లీ కొండెక్కుతుంది. కిందటిసారి కొండ మీంచి తనని దించినప్పుడు మొహం నిండా మసి, నా కూతురేనా అని బూట్లు చూసి గుర్తుపట్టాను. పరీక్ష తప్పితే ఇంట్లో ఉంటుందనుకున్నాను. పదకొండు రోజులుగా నా కాటా మీద బ్యాగు పెట్టలేదు, తెలిసిపోయిందని నాకు తెలుసు. అడుగుతుందని చూశాను. అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఊళ్లో ఎవరికీ తక్కువ తూచలేదు నేను, నా పిల్లకి తూచాను. ఆ గుండు అడుగున తేదీ ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. చేసింది నేనే. రాసుకోండి."